రూపకల్పనవిద్యయు ద్రవ్యసహాయమును

విద్యకు ద్రవ్యసహాయము చేయుట పుణ్యకార్యమని మన దేశమున నెన్నడును సందేహింపబడలేదు. అగ్రహారము లిచ్చిన రాజులను, సత్రములు కట్టించిన వర్తకులను, పాఠశాలలు నెలకొల్పిన దేశాభిమానులను మనము నేటికిని కొనియాడుచున్నాము. కాని యిచ్చిన ధనము విద్య యొక్క స్వరూపము నెట్లు మార్చినది, ఎవరిని లోనికి రానిచ్చినది, ఎవరిని గుమ్మము వెలుపలనే నిలిపినది అను ప్రశ్నను మనము తఱచుగా వేయము. దాత పేరు శిలాఫలకముమీద చెక్కింతుము. దానపత్రములోని నియమములను చదువము. ఈ వ్యాసమున నా ప్రశ్ననే యొక క్రొత్త విద్య విషయమున వేయదలచితిని.

ఆ విద్యను నేటి విశ్వవిద్యాలయములలో డిజైన్ థింకింగ్ అనుచున్నారు. తెలుగున దీనిని రూపకల్పనావిచార మనవచ్చును. 1987లో పీటర్ రో అను పండితుడు ఈ పేరుతోనే యొక గ్రంథమును ప్రకటించెను. పేరు క్రొత్తదైనను పద్ధతి తేలికగా తెలియదగినదే. ఒక వస్తువును చేయబూనినవాడు మొదట దానిని వాడువారి యొద్దకు పోయి, వారి పనిని కన్నులార చూడవలెను. వారి నిజమైన యక్కఱ యేదో తేల్చుకొనవలెను. అటుపిమ్మట పెక్కు ఊహలు చేసి, అట్టతోనో కఱ్ఱతోనో చౌకగా నొక నమూనాను కట్టి, దానిని వాడువారి చేతికిచ్చి, వారు చూపిన తప్పులను దిద్దుకొనుచు పోవలెను. ఈ పని యొక్క శాస్త్రము చదివినవానికి సాధ్యము కాదు. యంత్రవేత్తయు, వైద్యుడును, చిత్రకారుడును, లెక్కలు తెలిసిన వర్తకుడును ఒక బల్లచుట్టు కూర్చుండవలసి యుండును.

చిక్కంతయు నచటనే యున్నది. విశ్వవిద్యాలయము శాఖలుగా విభజింపబడిన సంస్థ. ఒక్కొక్క శాఖకు నొక్కొక్క యధ్యక్షుడు, ఒక్కొక్క సంచి. నలుగురు కలసి పని చేయదలచినచో ఖర్చు ఎవరి సంచిలోనుండి రావలెను? ఫలితము ఎవరి పేర వ్రాయబడవలెను? వాడుకరి తన పని మానుకొని వచ్చి కూర్చున్న దినమునకు కూలి యెవరీయవలెను? గడచిన నూఱేండ్ల చరిత్రను పరిశీలించితిమేని, ఈ విద్య యొక్క జయాపజయములు సొమ్ము పరిమాణముచేతనే గాక, ఆ సొమ్ముపై ఎవరి మాట చెల్లుచుండెనను దానిచేతను నిర్ణయింపబడినట్లు కానవచ్చును.

వైమారు పాఠశాల

1919వ సంవత్సరము ఏప్రిలులో జర్మనీదేశపు వైమారు పట్టణమున వాల్టర్ గ్రోపియసు అను వాస్తుశిల్పి బౌహౌసు అను పాఠశాలను స్థాపించెను. అచటి కళాశాలను, చేతిపనుల పాఠశాలను ఏకము చేసి, చిత్రకారుడును పనివాడును ఒక కప్పుక్రింద పని చేయవలెనని యాతడు సంకల్పించెను. ప్రతి కర్మశాలకును ఇద్దఱు గురువులు నియమింపబడిరి. ఒకడు రూపమును బోధించు కళావేత్త. రెండవవాడు కఱ్ఱనో, లోహమునో, నూలునో చేతిలో పట్టి పని నేర్పు శిల్పి. పేరుకు నిరువురును గురువులే. కాని పాఠశాల వ్యవహారములను నిర్ణయించు ఆచార్యసభలో కళావేత్తలకు గల వోటుహక్కు శిల్పులకు లేకుండెను. వారు సలహా చెప్పవచ్చును, తీర్మానము చేయజాలరు. కలిసికట్టుగా పనిచేయుటకై పుట్టిన పాఠశాలలోనే యీ భేదముండుట మన మెన్నదగిన విషయము.

స్త్రీల సంగతియు నిట్టిదే. స్త్రీపురుషులకు భేదము లేదని మొదట ప్రకటించిరి. స్త్రీలు పెద్దసంఖ్యలో వచ్చిచేరగా నధికారులు వెనుకంజవేసి, వారిలో పెక్కుమందిని నేతశాలకు పంపిరి. విచిత్రమేమనగా, వ్యాపారదృష్టితో చూచినచో బౌహౌసు కర్మశాలలలో మిక్కిలి ఫలించినవానిలో నా నేతశాల యొకటి. 1919లో విద్యార్థినిగా చేరిన గుంటా స్టోల్జ్‌ల్ అను నామె, తరువాత డెస్సౌ నగరమున నా శాలకు అధిపతి యయ్యెను.

పాఠశాలకు జీవనాధారము తురింగియా రాష్ట్రప్రభుత్వ మిచ్చు గ్రాంటు. నాలుగేండ్లు గడచునప్పటికి ప్రభుత్వము సొమ్మునకు ప్రతిఫలము చూపుడని యడిగెను. నేర్చుకొనుట ముగియకమున్నే ప్రదర్శన మేర్పాటు చేయవలసివచ్చెను. 1923వ సంవత్సరమున, జర్మను మార్కు విలువ గంటగంటకు పడిపోవుచున్న దినములలో, ఆచార్యులును విద్యార్థులును ప్రదర్శనమును నడిపి, నమూనాగా నొక యింటిని గూడ కట్టి చూపిరి. చూడవచ్చినవారు మెచ్చుకొనిరి. కాని 1924 ఎన్నికలలో రాష్ట్రాధికారము మితవాదపక్షములకు పోయెను. క్రొత్త ప్రభుత్వము గ్రాంటును సగమునకు తగ్గించి, ఆచార్యుల యొడంబడికలను ముగించుటకు నోటీసు లిచ్చెను. పాఠశాల వైమారు విడిచి 1925లో డెస్సౌ నగరమునకు పోయెను. అచట నగరపాలకసంఘము సొమ్మిచ్చెను. 1926లో ప్రసిద్ధమైన క్రొత్త భవనము వెలసెను. 1932లో నా నగరసభలో నాజీలు బలపడి పాఠశాలను మూయించిరి. బెర్లినులో స్వంతఖర్చుమీద కొన్నినెలలు నడచి, పోలీసుల దాడికి గుఱియై, 1933లో నది అంతరించెను.

పదునాలుగేండ్లలో మూడు పట్టణములు! ఏ విద్యాసంస్థయైనను ఒకే సంచిపై నాధారపడినచో, ఆ సంచి త్రాడు పట్టుకొన్న చేయి మాఱిన దినముననే దానికి ప్రాణభయము కలుగునని యీ చరిత్ర చెప్పుచున్నది.

ఉల్ము కొండ

జర్మనీదేశముననే రెండవ ప్రయత్నము జరిగెను. హిట్లరు నెదిరించి 1943లో ప్రాణము లర్పించిన హాన్సు, సోఫీ షోలు అను సోదరీసోదరుల జ్ఞాపకార్థము వారి యక్క ఇంగే షోలు, ఓట్ల్ ఐఖరు, మాక్సు బిల్ అనువారితో కలసి ఉల్ము పట్టణమున రూపకల్పనావిద్యాలయమును నెలకొల్పెను. ప్రజాస్వామ్యమునకు నిత్యవస్తువులలో గూడ రూపము కల్పించవలెనని వారి యాశయము. జర్మనీలోని అమెరికా హైకమిషనరు జాన్ మెక్లాయి పదిలక్షల మార్కులిచ్చుట కంగీకరించెను. అంత సొమ్మును జర్మనులును ప్రోగుచేయవలెనని నియమము పెట్టెను. ఆ నియమము మంచి చేసెననియే చెప్పవలెను. ఏలయనగా నది స్థాపకులను దేశీయుల గుమ్మములు ఎక్కించినది. 1953లో బోధన మొదలయ్యెను. 1955లో కొండమీద స్వంతభవనములు సిద్ధమయ్యెను.

ఉల్ములో రూపకర్తతోపాటు గణితవేత్తయు, సంఘశాస్త్రజ్ఞుడును, భాషాసంకేతములను పరిశోధించువాడును పాఠములు చెప్పిరి. రేడియోపెట్టెలు మొదలు విమానసంస్థ చిహ్నముల వఱకు నచట రూపొందినవి. అచట బోధించిన హోర్స్ట్ రిట్టెలు అను గణితవేత్త 1963లో అమెరికాకు పోయి, పదేండ్ల పిమ్మట మెల్విన్ వెబ్బరుతో కలసి యొక ప్రసిద్ధవ్యాసమును వ్రాసెను. సంఘమునకు సంబంధించిన సమస్యలు లెక్కలవలె నొకే జవాబుతో తీఱునవి కావనియు, సమస్యను నిర్వచించుటయే సగము తగవనియు, అట్టి మొండిసమస్యలలో సంబంధముగల వారందఱితోను చర్చ జరుగవలెననియు దాని సారాంశము. నేటి రూపకల్పనావిచారమునకు నది మూలస్తంభములలో నొకటి.

కాని యుల్ము పాఠశాలయు నిలువలేదు. ఆచార్యులలో కళ పెద్దదా శాస్త్రము పెద్దదా యను తగవు పెరిగెను. మాక్సు బిల్ 1957లో విడిచిపోయెను. ప్రైవేటు ధర్మకర్తృత్వమున నున్న సంస్థ యగుటచే, ప్రభుత్వముల సహాయద్రవ్యము లేనిదే గడువకుండెను. ఆ సహాయము తగ్గి, నిలిచిపోగా, 1968లో తలుపులు మూయబడెను. విద్యమాత్రము చావలేదు. అచట చదివిన సుధాకర్ నాడ్కర్ణి మన దేశమునకు తిరిగివచ్చి, 1969లో బొంబాయి ఐ. ఐ. టి. యందు వెలసిన పారిశ్రామిక రూపకల్పనాకేంద్రమును తీర్చిదిద్దెను. యంత్రశాస్త్రములకు నెలవైన విద్యాలయములో రూపకల్పనకు పీట దొరకుట మన దేశమున నట్లు మొదలయ్యెను.

కార్మికులు బల్లకడకు వచ్చుట

వైమారులోను ఉల్ములోను కలసినవారు వేఱువేఱు విద్యలవారే కాని, వాడువారు కారు. ఆ లోపమును పూరించినది ఉత్తరయూరపు ఖండమందలి నార్వే దేశము. అచటి కర్మాగారములలో కంప్యూటరు ప్రవేశించుచున్న కాలమది. యజమానులు పండితులను పిలిపించి యంత్రములను తెప్పించుచుండిరి; పనివారికి తమ పని రేపెట్లుండునో తెలియకుండెను. 1970వ దశకారంభమున ఇనుము, లోహపుపనివారి జాతీయసంఘము నార్వేజియను కంప్యూటింగు కేంద్రముతో నొక పరిశోధనకై ఒడంబడిక చేసికొనెను. దానికి నాయకుడు క్రిస్టెన్ నిగార్డు. సిమ్యులా యను కంప్యూటరుభాషను సృష్టించిన ఇద్దఱిలో నొకడు. సొమ్మిచ్చినది రాజ్యము యొక్క శాస్త్రపరిశోధనమండలి.

మొదట పండితులు తమ యలవాటు ప్రకారము, యంత్రపద్ధతులను పరీక్షించి నివేదికలు వ్రాయుదమని యేర్పాటు చేసికొనిరి. కొంతకాలమునకే అట్టి నివేదికలు పనివారికి నిరుపయోగములని వారికి తోచెను. ఏర్పాటు మార్చబడెను. కర్మాగారములలోని స్థానికసంఘములే చదువుకొనుచు, చర్చించుచు, తమ కేమి కావలెనో తేల్చుకొనుటయు, పండితులు వారికి పాఠ్యపుస్తకము వ్రాసి తోడ్పడుటయు క్రొత్త పద్ధతి. పరిశోధనాఫలితమనగా నేమి యను నిర్వచనము గూడ మాఱినది: కాగితములు గాక, ఆ పరిశోధన యాధారముగా కార్మికసంఘము చేసిన కార్యమే ఫలితమని యంగీకరించిరి. నా దృష్టిలో నీ నూఱేండ్ల చరిత్రలో నింతకన్న ధైర్యముతో కూడిన వాక్యము గ్రాంటు పత్రములలో మఱియొకటి లేదు.

1981లో స్వీడనునందు యుటోపియా అను పేర దానికి కొనసాగింపు జరిగెను. వార్తాపత్రికల అచ్చుకూటములలో కంపోజిటర్ల పనిని కంప్యూటరు హరించుచున్న సమయమున, స్టాకుహోములోని ప్రభుత్వపరిశోధనాలయమును, అచటి సాంకేతికవిశ్వవిద్యాలయమును, డెన్మార్కులోని ఆర్హూసు విశ్వవిద్యాలయమును, ఉత్తరదేశముల ముద్రణకార్మికసంఘమును కలసి పనికి దిగినవి. పత్రికపుటలను కూర్చు యంత్ర మెట్లుండవలెనని పనివారినే యడిగిరి. చూపుటకు యంత్రము లేదు. అందుచే కఱ్ఱపలకలతోను, కాగితములతోను తెరను, మీటలను కట్టిరి. లేజరు ముద్రణయంత్రమునకు బదులుగా నొక అట్టపెట్టెను పెట్టి, దానిపై పేరు వ్రాసి, అది యున్నట్లే భావించి పని చేసి చూచిరి. ముప్పదియేండ్లు అచ్చుకూర్చిన చేయి ఆ యట్టపెట్టె ముందు నిలిచి, ఇచట చోటు చాలదు, అచట వెలుగు చాలదు అని చెప్పగలిగెను. దానినుండి వచ్చిన యంత్రము విపణిలో జయమొందలేదు. పద్ధతిమాత్రము లోకమంతట వ్యాపించెను. అట్టపెట్టెకు వెల స్వల్పము. పనివాని కాలమునకే నిజమైన వెల. ఆ వెలను లెక్కలో వ్రాసిన గ్రాంటు అదియే.

స్టాన్‌ఫర్డు విరాళము

నేడు డిజైన్ థింకింగ్ అనగనే చదువుకొన్నవారికి జ్ఞప్తికి వచ్చునది అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము. జాన్ ఆర్నాల్డు అను నాచార్యుడు 1957లో నచటికి వచ్చి, యంత్రశాస్త్రమును మనశ్శాస్త్రముతో ముడివేసి బోధించెను. ఆ తరువాత యంత్రశాఖయు కళాశాఖయు కలసి యొక పాఠ్యక్రమమును నడపినవి. 2005లో జర్మనీదేశపు సాప్ కంపెనీ స్థాపకులలో నొకడగు హాసో ప్లాట్నరు 3 కోట్ల 50 లక్షల డాలర్లిచ్చి, ఈ విద్యకై ప్రత్యేకముగా నొక సంస్థను నిలిపెను. ఈ సంస్థ తన పేర పట్టములిచ్చు శాఖగా గాక, వైద్యము, న్యాయము, వర్తకము, యంత్రశాస్త్రము చదువు విద్యార్థులందఱును వచ్చి కలసి పనిచేయు కూడలిగా నేర్పడెను. ఏ శాఖ గోడకును చేరక, అన్ని గోడలకును నడుమ నిలుచుటకు సొమ్ము దొరకుటయే దాని విశేషము.

ఆ విశ్వవిద్యాలయములో మిక్కిలి బీదలకై వస్తువులను రూపొందించు పాఠమొకటి యంతకుముందే మొదలయ్యెను. 2007లో వేఱువేఱు శాఖల విద్యార్థుల జట్టున కొక సమస్య యీయబడెను: నెలలు నిండక పుట్టిన శిశువులను వెచ్చగా నుంచు ఇంక్యుబేటరును మిక్కిలి చౌకగా చేయవలెను. వారిలో నొకడు నేపాళదేశమునకు పోయి చూడగా, నగరపు ఆసుపత్రిలో దానముగా వచ్చిన ఇంక్యుబేటర్లు ఖాళీగా నుండెను. శిశువులు పుట్టుచున్నది విద్యుచ్ఛక్తి లేని కొండపల్లెలలో. ఆసుపత్రి చేరులోపుననే వారు చలిచే మరణించుచుండిరి. కావలసినది చౌక ఇంక్యుబేటరు కాదనియు, తల్లి యింటనే వాడదగిన వెచ్చని పొత్తిలి యనియు తేలెను. కరగి మరల గట్టిపడునప్పుడు వేడిని నిలుపుకొను మైనమువంటి పదార్థమును సంచిలో నుంచి, కొన్ని గంటలు ఒకే వేడిమి నిచ్చు పొత్తిలిని వారు చేసిరి. దానికి ఎంబ్రేసు అని పేరు పెట్టి, బెంగుళూరునకు వచ్చి పని సాగించిరి.

ఇచట మన దేశపు తల్లి యొకతె వారికి పాఠము చెప్పినది. సంచి 37 డిగ్రీలు చేరువఱకు వేడిచేయుమని వారు చెప్పగా, తాను కొంత తక్కువగానే వేడి చేయుదునని యామె యనెను. దొరల మందులు ఘాటైనవని, డాక్టరు ఒక చెంచా యన్నచో బిడ్డకు సగమే పోయుట సురక్షితమని యామె యనుభవము. ఆ జాగ్రత్త బిడ్డకు ప్రాణాపాయము కావచ్చును. వెంటనే వారు అంకెలను తీసివేసి, సరియైన వేడి వచ్చినదా లేదా యనుమాత్రమే చూపు గుఱుతు నమర్చిరి. ఎన్ని కోట్ల విరాళమైనను ప్రయోగశాలలో నీ సంగతిని బయలుపఱచియుండదు. అయినను కథ చెప్పువారు ఆ తల్లి పేరు చెప్పరు. పాఠము ముగియగనే విశ్వవిద్యాలయము పని ముగిసెను. పొత్తిలి పల్లెలకు చేరుటకు ఆ యువజనులు ఏండ్లతరబడి దాతల గుమ్మములు త్రొక్కవలసివచ్చెను. నమూనా వఱకే చాలు సొమ్ము, సగము నదిపై కట్టిన వంతెన వంటిది.

మన దేశము

మన దేశమున శాస్త్రము చదివినవాడు ఉలి పట్టలేదు. ఉలి పట్టినవానికి శాస్త్రము చెప్పలేదు. కులము కట్టిన యీ గోడను విశ్వవిద్యాలయములు శాఖల రూపమున నిలిపియుంచినవి. ఐనను చక్కని వస్తువులు మనకు కొఱవడలేదు. 1958లో భారతప్రభుత్వమును ఫోర్డు ఫౌండేషనును రప్పింపగా వచ్చి, దేశమంతయు తిరిగిన చార్ల్సు ఈమ్సు, రే ఈమ్సు దంపతులు తమ నివేదికలో నన్నిటికంటె మిన్నగా మెచ్చుకొన్నది మన చెంబును. దానిలో ఎంత నీరు పట్టవలెను, చంకనెట్లు నిలువవలెను, వంచినప్పుడు నీరెట్లు పడవలెను, తోముట సులభమా, చేతికి చల్లగా నుండునా యని వారు ప్రశ్నలు వేసికొని, ఏ యొక్కనిచేతను గాక, తరతరముల జనులచేత నది రూపొందినదని తేల్చిరి. కంచరియు, గృహిణియు నూఱు తరములు మాటలాడుకొనగా తయారైన వస్తువది. ఆ నివేదిక ఫలముగా 1961లో అహమ్మదాబాదునందు జాతీయ రూపకల్పనాసంస్థ వెలసెను. 2015లో మన ఆంధ్రప్రదేశమునను అట్టి సంస్థ ప్రారంభమై, 2019 నాటి చట్టముచే జాతీయప్రాముఖ్యముగల సంస్థయని గుర్తింపబడెను.

పన్నెండవ పంచవర్షప్రణాళికలో కేంద్రప్రభుత్వము 20 రూపకల్పనాకేంద్రములను, ఒక బహిరంగ పాఠశాలను, వానిని కలుపు జాతీయసంబంధజాలమును ఏర్పఱుప సంకల్పించి, విద్యాసంస్థలకు ధనమిచ్చెను. ఒక పెద్ద విద్యాలయము కేంద్రముగా, చుట్టుపట్ల కళాశాలలు ఆకులుగా, బండిచక్రమువలె కలసి పనిచేయవలెనని దాని పద్ధతి. 2016లో మొదలైన అటల్ టింకరింగు ప్రయోగశాలల పథకమున నొక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయల వఱకు నీయదలచిరి: పది లక్షలు సామగ్రికి, పది లక్షలు అయిదేండ్ల నిర్వహణకు. సామగ్రితో సమానముగా నిర్వహణకును సొమ్ము కేటాయించుట మెచ్చదగినది. ప్రయోగశాల తాళము తీయువాడును, చెడిన పనిముట్టును బాగుచేయువాడును లేనిచో, అద్దాల బీరువాలోని యంత్రము నోములో పెట్టిన బొమ్మవలె చూచుటకే పనికివచ్చును.

ఐతే వాడువారి మాట యెచట? మన గృహిణులకు తెలిసిన పొయ్యినే తీసికొందము. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు అధిపతి యగు ఎస్. పి. రాజు 1953లో పొగలేని వంటయిండ్లను గుఱించి చిన్నపుస్తకము ప్రకటించి, వంటచేయు స్త్రీ కన్నులలోని పొగను శాస్త్రజ్ఞుని బాధ్యతగా నెంచెను. అది నిజమైన సంస్కారము. 1980వ దశకమునుండి 2002 వఱకు కేంద్రప్రభుత్వము మెఱుగుపఱచిన పొయ్యిలను దేశమంతట కోట్లకొలది పంచిపెట్టెను. వానిలో పెక్కు పొయ్యిలు కొంతకాలమునకే మూలబడినవి. వంటచెఱకు చిన్నముక్కలుగా కొట్టవలసివచ్చుట, గొట్టము మసిపట్టుట, ఇంటి పెద్దకుండ దానిపై నిలువకుండుట వంటి సంగతులు వండువారికి మొదటిదినముననే తెలియును. పంచిన సంఖ్యనే ఫలితముగా లెక్కించినచో, ఆర్పివేసిన పొయ్యియు జయముగానే వ్రాయబడును.

దీనికి సరిగా ఎదురుకథ తెలంగాణములో జరిగెను. ఆలేరు సమీపమున శారాజిపేట గ్రామపు నేతకుటుంబమున పుట్టిన చింతకింది మల్లేశము బడిచదువు మధ్యలోనే మానినవాడు. పోచంపల్లి పట్టుచీరకు ముందు ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారమున నాటిన మేకులచుట్టు దారమును త్రిప్పుచు, ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి చాచి ముడువవలెను. ఆ పని స్త్రీలది. తల్లి లక్ష్మి భుజముల నొప్పితో బాధపడుట చూచి, యాతడు 1992లో యంత్రము చేయ మొదలిడెను. చేతిలో డబ్బు లేదు, చెప్పు గురువు లేడు. సంపాదించినదెల్ల యంత్రమునకే పెట్టుచు, అప్పులపాలగుచు, నవ్వులపాలగుచు నేడేండ్లు గడపెను. 1999లో హైదరాబాదునందలి బాలానగరమున వేఱొక పరిశ్రమలో పనికి పోయినప్పుడు, అచటి యంత్రమొకటి కదలుట చూడగా, తన యంత్రములో విడివడని చివరి ముడి విడిపోయెను. నాలుగైదు గంటల ఆసు గంటన్నరకు దిగెను. తల్లి పేర దానికి లక్ష్మీ ఆసుయంత్రమని పేరిడెను. పల్లెసృజన సంస్థయు, 2000లో నేర్పడిన జాతీయ నవకల్పనా సంస్థయు నాతనిని గుర్తించి, పేటెంటు విషయమున తోడ్పడినవి. 2017లో భారతప్రభుత్వము పద్మశ్రీ నిచ్చెను.

ఈ కథను చెప్పి పట్టుదలను పొగడుట సులభము. నేను మఱియొక ప్రశ్న వేయుదును. బాలానగరపు యంత్రమును చూచుటకు నేడేండ్లు ఎందులకు పట్టవలెను? యంత్రశాస్త్రము చదివిన ఆచార్యులు, విద్యార్థులు హైదరాబాదున వందలకొలది యుండిరి. కర్మశాలలుండినవి, గ్రాంటులుండినవి. లేనిదల్లా వారిని శారాజిపేటతో కలుపు బల్ల. ఆ యేడేండ్లును ఎందఱు తల్లుల భుజములు నొచ్చినవో యెవ్వరును లెక్కవేయలేదు. కలసి రూపకల్పన చేయుటకు విశ్వవిద్యాలయములో సొమ్ము లేకుండుట యనగా నిదియే.

ప్రజాధనమునకు లెక్క చెప్పవలెను గదా, చేనేతపనివానికిని వంటచేయు స్త్రీకిని గ్రాంటుపై హక్కిచ్చినచో జమాఖర్చు ఎవరు వ్రాయుదురని కొందఱు ఆక్షేపింతురు. జమాఖర్చు వ్రాయుటకు గుమాస్తా యున్నాడు. సొమ్ము దేనికి పెట్టవలెనో, చేసిన వస్తువు పనికివచ్చునో లేదో తీర్మానించుటయే వారికీయవలసిన హక్కు. నార్వేదేశపు ఇనుపపనివారు ఆ హక్కును నిర్వహింపగలిగిరి. మన నేతవారికి చేతకాదనుటకు కారణము కనబడదు. వైమారులో శిల్పులకు వోటు లేకపోయినను పాఠశాల ప్రసిద్ధికెక్కెను గదా యని మఱియొకరు అనవచ్చును. నిజమే, కాని యాపద వచ్చిన దినమున దానిని తమదని చెప్పి నిలబడు సామాన్యజనము దానికి లేకపోయెను.

కావున నిట్టి పనులకు ధనమిచ్చు ప్రభుత్వములును, దాతలును, విశ్వవిద్యాలయసభలును కొన్ని నియమములను గ్రాంటు పత్రములోనే వ్రాయుట మేలు. సొమ్ము ఒక్క శాఖకు గాక కలసి పనిచేయు జట్టున కీయవలెను. ఆ జట్టులో వాడుకరికి కూర్చుండ పీటయు, తీర్మానమున వోటును, మానుకొన్న పనికి కూలియు నుండవలెను. భవనమునకు పెట్టునదానిలో కొంత తగ్గించియైనను, ఏటేట తప్పక వచ్చు చిన్నమొత్తమును నిర్వహణకు కేటాయింపవలెను. నమూనా పూర్తియైన పిమ్మట నది పల్లెను చేరువఱకు తోడ్పాటు సాగవలెను. ఫలితమును పంచిన సంఖ్యతో గాక, రెండేండ్ల తరువాత వాడుకలో మిగిలిన సంఖ్యతో కొలువవలెను. వీనిలో ఏదియు నధికవ్యయముతో కూడినది కాదు. కష్టమైనది పీట యిచ్చుటయే. చదివినవాని సరసన చేతిపనివానికిని, వంటయింటి స్త్రీకిని సమానమైన పీట వేయుట ఎక్కడ సాధ్యమగునో, అక్కడనే యీ విద్య నిలుచును. తక్కినచోట్ల సొమ్ము మిగిలినన్నాళ్లే నడచును.